చెరువుల గొలుసుల అధ్యయనంలో గ్రాఫ్ విశ్లేషణ: సమాంతర, క్లౌడ్ గణనల ఏర్పాటు

శ్రీ సత్యసాయి జిల్లాలోని రొళ్ల వంటి మెట్ట ప్రాంతాలలో గొలుసుకట్టు చెరువులకు ప్రాధాన్యం ఎక్కువ. ఎగువ చెరువు అలుగు పారితేనే దిగువ చెరువుకు నీరు చేరుతుంది. ఎగువన అలుగు ఎత్తు పెంచినచో దిగువ ఆయకట్టు ఎండిపోవచ్చు. కావున మరమ్మతులను నిర్ణయించే ముందు గొలుసు మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇందుకు గ్రాఫ్ విశ్లేషణ తోడ్పడుతుంది.

గ్రాఫ్ నిర్మాణం: ప్రతి చెరువును ఒక బిందువుగా, అలుగు నీరు పోయే వాగును దిశ గల గీతగా నమోదు చేయాలి. నిల్వ సామర్థ్యం, పరీవాహక విస్తీర్ణం, ఆయకట్టు వివరాలను బిందువుకు జతచేయాలి.

లైబ్రరీ ఏర్పాటు: 2005లో వెలువడిన నెట్‌వర్క్‌ఎక్స్ పైథాన్ భాషలోని ఉచిత లైబ్రరీ. దీనిని ప్రత్యేక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ ద్వారా స్థాపించి, వెర్షన్ సంఖ్యలను రాసి ఉంచుకోవాలి. తొలుత గ్రాఫులో చక్రం ఉన్నదేమో పరీక్షించాలి. ఎత్తిపోతలు లేని చోట నీరు తిరిగి ఎగువకు చేరదు. చక్రం కనబడినచో ఏదో ఒక గీత తప్పుగా నమోదైనట్లే. అనంతరం టోపలాజికల్ సార్ట్‌తో చెరువులను ఎగువ నుండి దిగువకు వరుసపరచాలి.

సమాంతర గణన: ఎగువ చెరువు లెక్క తేలనిదే దిగువ చెరువు లెక్క మొదలుకాదు. అందుచేత ఒకే గొలుసును ముక్కలు చేసి ప్రాసెసర్ కోర్‌లకు పంచడం వల్ల ప్రయోజనం స్వల్పం. అయితే వేర్వేరు వర్షపాత సంవత్సరాలను, మరమ్మతు ప్రతిపాదనలను విడివిడిగా లెక్కించవచ్చు. ఉదాహరణకు 30 సంవత్సరాల వర్షపాతానికి 200 ప్రతిపాదనలను పరిశీలిస్తే 6,000 గణనలు అవుతాయి. ఒక్కొక్కదానికి 2 సెకన్లు పడితే ఒక కోర్‌పై 3 గంటల 20 నిమిషాలు కావాలి. జాబ్‌లిబ్ సాయంతో 8 కోర్‌లకు పంచినచో ఆదర్శ స్థితిలో 25 నిమిషాలు చాలును. ఆచరణలో మరికొంత పడుతుంది.

క్లౌడ్ గణన: ఒక మండలపు చెరువులకు సాధారణ ల్యాప్‌టాప్ సరిపోతుంది. నదీ పరీవాహకమంతటినీ పరిశీలించునపుడు, జ్ఞాపకశక్తి చాలనపుడు మాత్రమే క్లౌడ్ యంత్రాన్ని అద్దెకు తీసుకోవాలి. ముందుగా పది గణనలతో సమయాన్ని, ఖర్చును అంచనా వేయాలి. పని ముగిసిన వెంటనే ఫలితాలను భద్రపరచి యంత్రాన్ని ఆపివేయాలి. లేనిచో అద్దె పెరుగుతూనే ఉంటుంది.

క్షేత్ర పరిశీలన: పటంలో కనిపించే వాగు నేలపై పూడిపోయి ఉండవచ్చు. ఒక్క గీత తప్పినా ఎన్ని కోర్‌లు వాడినా తప్పు ఫలితమే త్వరగా వస్తుంది. కావున నీరుగంట్లతో, ఆయకట్టు రైతులతో కలిసి ప్రతి అలుగును, వాగును నడిచి చూసిన పిదపనే గణనకు పూనుకోవాలి.