వార్తల్లో పదం: డీసీఓ

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు కోడ్ పంపే వ్యక్తి, దాన్ని ఇచ్చే హక్కు తనకుందని చేసే ధ్రువీకరణే డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. క్లుప్తంగా డీసీఓ. తమ యునిక్స్ కోడ్ లినక్స్‌లో చేరిందంటూ ఎస్‌సీఓ సంస్థ 2003లో ఐబీఎంపై దావా వేసింది. ఆ వివాదం తర్వాత, 2004లో లినక్స్ కెర్నల్ ఈ పద్ధతి తెచ్చింది. మార్పు వివరణ చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ అని రాసి, పక్కనే పేరు, ఈమెయిల్ ఇస్తారు. ఆ ఒక్క వరుసే సంతకం.

ఏఐ రాసిన కోడ్‌తో ఈ సంతకమే చిక్కుల్లో పడింది. ఏఐ మోడల్ తన శిక్షణలో చూసిన, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న కోడ్‌ను యథాతథంగా దించితే లైసెన్సు షరతులు, రచయిత పేరు రెండూ గల్లంతవుతాయి. కోడ్ పంపినవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. హామీ మాత్రం వారిదే. ఇదే అసలు ప్రమాదం. పైగా, కేవలం ప్రాంప్టులతో రాబట్టినదానికి కాపీరైట్ వర్తించదని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2025 జనవరి నివేదికలో తేల్చింది. కాపీరైట్ లేని భాగంపై జీపీఎల్ షరతులను అమలు చేయించడం కష్టం.

ప్రాజెక్టులు తలో దారి పట్టాయి. లినక్స్ పంపిణీ అయిన జెంటూ 2024లో ఏఐ కోడ్‌ను నిషేధించింది. ఎమ్యులేటర్ ప్రాజెక్టు క్యూఈఎంయూ 2025లో డీసీఓనే కారణంగా చూపి తిరస్కరించింది. మరో లినక్స్ పంపిణీ ఫెడోరా అదే ఏడాది అనుమతించినా, బాధ్యత పంపినవారిదేనంది. లినక్స్ కెర్నల్ నియమం వీటన్నిటికంటే స్పష్టం: ఏఐ సాయాన్ని ‘అసిస్టెడ్-బై’ అని చూపాలి, సైన్డ్-ఆఫ్-బై మాత్రం మనిషే పెట్టాలి. ఇది న్యాయమైన నియమం. అయితే కోడ్ మూలం ఎక్కడిదో ‘అసిస్టెడ్-బై’ వరుస కూడా చెప్పలేదు.