లాటరీ టిక్కెట్టు, అంటువ్యాధి : రెండు రకాల సంభావ్యత

2020 మార్చి 4వ తేదీన హైదరాబాదు హైటెక్ సిటీలోని మైండ్‌స్పేస్ ప్రాంగణములో ఒక భవనమునుండి ఉద్యోగులందరు హడావిడిగా ఇండ్లకు వెళ్లిపోయినారు. అక్కడి ఒక సంస్థలో పనిచేయు వ్యక్తికి కోవిడ్ సోకినదన్న అనుమానమే దీనికి కారణము. తెలంగాణలో మొదటి కేసు బయటపడినది అంతకు రెండు రోజుల ముందే. నమూనాను పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపగా ఆ వ్యక్తికి వ్యాధి లేదని తేలినది. అయినను ఆనాడు ఇంటిదారి పట్టినవారిని తప్పు పట్టలేము. వ్యాధి సోకు అవకాశము ఎంతో తెలియనప్పుడు జాగ్రత్తపడుట వివేకమే.

ఆ నెల ముగియకమునుపే దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. మాదాపురు, గచ్చిబౌలి కార్యాలయముల పని ఇండ్లలోని కంప్యూటర్ల మీదికి మారినది. కొందరికి జీతము తగ్గినది, కొందరికి ఉద్యోగమే పోయినది. తీరిక, దిగులు, చేతిలో ఫోను, ఈ మూడు ఒకచోట చేరినవి. జూదమునకు ఇంతకంటె అనువైన కాలము ఉండదు.

తెలంగాణలో లాటరీలు లేవు. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను కూడ ఈ రాష్ట్రము 2017లో చట్టమును సవరించి నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసినది. కేరళలో 1967 నుండి ప్రభుత్వమే లాటరీ నడుపుచున్నది. లాక్‌డౌన్ రాగానే ఆ డ్రాలు సయితము కొంతకాలము నిలిచిపోయినవి. కాగితపు టిక్కెట్టు ఆగినది కాని ఫోనులోని చాటు జూదము ఆగలేదు. రంగులు ఊహించు ఒక ఆట చుట్టు అల్లుకొన్న ముఠాను 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు పట్టుకొన్నారు. దానిద్వారా చేతులు మారిన సొమ్ము సుమారు రూ. 1,100 కోట్లని వారు ప్రకటించినారు.

చదువుకొన్నవారు సయితము ఇట్టి ఆటలలో ఎందుకు పడుదురు? దీనిని తెలిసికొనుటకు సంభావ్యత అను గణిత భావము మనకు సాయపడును.

మొదట కాగితపు లాటరీని చూతము. టిక్కెట్ల మీద 100000 నుండి 999999 వరకు ఆరంకెల సంఖ్యలున్నవనుకొందము. అవి 9 లక్షలు. ఇట్టి వరుసలు 12 ఉన్నచో మొత్తము 1 కోటి 8 లక్షల టిక్కెట్లు. మొదటి బహుమతి ఒక్కటే అయినప్పుడు ఒక టిక్కెట్టుకు అది వచ్చు సంభావ్యత 1 కోటి 8 లక్షలలో ఒక వంతు. ప్రతిదినము డ్రా జరిగి, మనిషి ప్రతిదినము ఒక టిక్కెట్టు కొన్నచో సగటున 29,600 సంవత్సరములకు ఒకసారి బహుమతి రావలెను. మనిషి ఆయువుతో దీనిని పోల్చి చూచిన చాలును.

ఫోనులోని రంగుల ఆట ఇంత దూరపు ఆశ చూపదు. అందుకే అది మరింత ప్రమాదకరము. ఇట్టి ఆటలలో సాధారణముగా కనిపించు ఏర్పాటు ఇది: 0 నుండి 9 వరకు ఏదో ఒక అంకె పడును. ఆకుపచ్చ మీద రూ. 100 పెట్టినవానికి 1, 3, 7, 9 పడినచో రూ. 196 వచ్చును, 5 పడినచో రూ. 147. మిగిలిన అయిదు అంకెలలో ఏది పడినను ఏమియు రాదు. పది అంకెలు ఒక్కొక్కసారి పడినవనుకొనుడు. ఆటగాడు పెట్టినది రూ. 1,000. తిరిగి వచ్చినది నాలుగు 196లు, ఒక 147, వెరసి రూ. 931. అనగా నూటికి సుమారు 7 రూపాయలు నష్టము.

ఏడు రూపాయలు ఏపాటి అనిపించవచ్చును. కాని ఈ ఆట మూడు నిమిషములకు ఒకటి చొప్పున గంటకు ఇరువదిసార్లు జరుగును. ప్రతిసారి నూరు రూపాయలు పెట్టినచో గంటకు సగటు నష్టము రూ. 138. దినమునకు నాలుగు గంటలు, నెలకు ముప్పది దినములు ఆడినవాడు రూ. 16,560 పోగొట్టుకొనును. ఇది కూడ ఆట నిజాయితీగా జరిగినప్పటి లెక్క. కేరళ లాటరీ డ్రా న్యాయనిర్ణేతల సమక్షమున, ప్రజల యెదుట జరుగును. ఫోనులో అంకెను ఎవరు, ఎట్లు తీయుచున్నారో ఆటగాడు చూడలేడు.

కొందరు ఆటగాళ్లకు ఒక ఉపాయము తోచును: ఓడినప్పుడెల్ల పందెమును రెట్టింపు చేయుట. ఎప్పుడో ఒకప్పుడు గెలుపు రాకపోదు, అప్పుడు పోయినదంతయు తిరిగివచ్చి పైన నూరు మిగులునని వారి వాదము. రుసుము ఏమియు లేదనియు, గెలుపు ఓటములు సరిసమానమనియు అనుకొని దీనిని పరీక్షించవచ్చును. 100, 200, 400 చొప్పున పెంచుచు ఏడుసార్లు వరుసగా ఓడినచో పోయినది రూ. 12,700. ఎనిమిదవ పందెమునకు రూ. 12,800 కావలెను. అంత సొమ్ము లేనివాడు అక్కడ ఆగిపోవలసినదే. ఏడు ఓటములు వరుసగా వచ్చుట అరుదనిపించును. కాని మూడు గంటలలో జరుగు 60 ఆటలలో అట్టి వరుస ఒక్కటైన వచ్చు సంభావ్యత దాదాపు అయిదింట ఒక వంతు. పది సాయంకాలములు ఆడినచో అది పదింట సుమారు తొమ్మిది వంతులకు పెరుగును. వరుస రాని సాయంకాలములలో మూడు వేల వరకు లాభము కనిపించును. చేపకు ఎర ఎట్టిదో ఆటగాడికి ఆ లాభము అట్టిది.

ఇక్కడ మరియొక భ్రమ కూడ కలదు. ఆరుసార్లు ఎరుపు వచ్చినది కాబట్టి ఈసారి ఆకుపచ్చ రాక తప్పదని ఆటగాడు నమ్మును. నిజాయితీగల డ్రాలో ఏ రెండు ఆటలకును సంబంధము లేదు. ఇట్టివాటిని గణితములో స్వతంత్ర ఘటనలందురు. జరిగినదానిని చీట్ల డబ్బా జ్ఞాపకముంచుకొనదు; ఏడవసారి కూడ ఆకుపచ్చ సంభావ్యత మొదటిసారి ఉన్నంతయే.

అంటువ్యాధి సంగతి దీనికి భిన్నము. పొరుగువాడు ఎన్ని టిక్కెట్లు కొన్నను మన టిక్కెట్టు సంఖ్యకు మొదటి బహుమతి తగులు అవకాశము మారదు. పొరుగువానికి వ్యాధి సోకినచో మాత్రము మనకు సోకు అవకాశము పెరుగును. ఇవి పరస్పరము ఆధారపడిన ఘటనలు. కాబట్టి మన ప్రవర్తన ఇక్కడ పనిచేయును. మాస్కు, గాలి ఆడు గది, టీకా సంభావ్యతను నిజముగా మార్చగలవు. అదృష్టసంఖ్యను ఎంత శ్రద్ధగా ఎంచుకొన్నను లాటరీలో ఏమియు మారదు. మన శ్రద్ధ ఫలించు చోటు ఒకటి, ఫలించని చోటు మరియొకటి. ఈ రెంటిని తారుమారు చేసికొనుటయే అసలు ప్రమాదము.

ఆ జూదము వ్యాపించిన తీరు మాత్రము వ్యాధి తీరునే పోలి ఉన్నది. టెలిగ్రామ్ బృందములలో పాతవారు కొత్తవారిని చేర్చుచుండిరి. ఒక్కొక్క రోగి ఎందరికి వ్యాధిని అంటించునో తెలుపు సంఖ్యను శాస్త్రజ్ఞులు పునరుత్పత్తి సంఖ్య అందురు. అది రెండైనచో ఒకరినుండి ఇద్దరు, ఇద్దరినుండి నలుగురు, ఇట్లు పదవ అంచెకు 1,024 మంది. మొదటివానినుండి లెక్కించిన మొత్తము 2,047. అనగా సగమునకు పైగా ఎప్పుడును చివరి అంచెలోనే ఉందురు. ఇతరులను చేర్చినందులకు ఇచ్చు ప్రతిఫలము వీరికి అందదు. వీరి క్రింద ఎవరును లేరు గదా! కొత్తవారు దొరకనినాడు వ్యాధి వలెనే ఈ గొలుసు కూడ తెగును. అప్పటికి నష్టపోయినవారిలో ఎక్కువమంది ఆఖరున చేరినవారే.

ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. 0 నుండి 9 వరకు పది చీట్లు వ్రాసి ఒక డబ్బాలో వేయవలెను. ప్రతి విద్యార్థికి వేయి మార్కులు సొమ్ముగా ఇచ్చి, పైన చెప్పిన నిబంధనలతో నూరు మార్కుల పందెములు కాయించవలెను. చీటీ తీసిన ప్రతిసారి దానిని తిరిగి డబ్బాలో వేసి కలుపవలెను. 60 ఆటలు జరిపి, పది ఆటలకొకసారి అందరివద్ద మిగిలినది కూడి గ్రాఫు గీయించవలెను. కొందరు లాభములో ఉండవచ్చును. వారి పేర్లే తరగతిలో మారుమ్రోగును. తరగతి మొత్తము సొమ్ము మాత్రము దాదాపు తప్పక తగ్గుచు పోవును. తగ్గిన మార్కులు ఎక్కడికి పోయినవని ఉపాధ్యాయుడు అడిగినచో పిల్లలే డబ్బా పట్టుకొన్నవాని వైపు చూపుదురు.