గేమ్ మ్యాప్‌లో ర్యాండమ్: చీటీ తీయడం తేలికే, సమానంగా తీయడమే చిక్కు

ఈవీఎంల పంపిణీ నుంచి ఇళ్ల కేటాయింపు దాకా చీటీలు తీసే పని ఇప్పుడు కంప్యూటర్‌దే. 2023లో హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల లబ్ధిదారుల్ని ఆన్‌లైన్ డ్రాతోనే ఎంపిక చేశారు. అయితే కంప్యూటర్ తీసిందంటే అందరికీ సమాన అవకాశం దక్కినట్టేనా? దీన్ని అర్థం చేసుకోవడానికి గేమ్ మ్యాప్ ఎడిటర్ మంచి దారి. అక్కడ డ్రా లోపలి మరలన్నీ కళ్ల ముందే ఉంటాయి.

ట్రిగ్గర్ అంటే ఏమిటి?

బ్లిజార్డ్ సంస్థ 2002లో విడుదల చేసిన వార్‌క్రాఫ్ట్ 3తో పాటు మ్యాపులు తయారుచేసుకునే ఎడిటర్‌నూ ఇచ్చింది. తర్వాత ప్రపంచమంతా ఆడిన డోటా అలా అభిమానులు చేసిన మ్యాపుగానే పుట్టింది. ఇందులో కోడ్ రాయకుండానే ట్రిగ్గర్లు పెట్టుకోవచ్చు. ట్రిగ్గర్‌లో మూడు భాగాలుంటాయి: ఏం జరిగినప్పుడు, ఏ షరతు మీద, ఏం చేయాలి. గుర్తుపెట్టుకోవాల్సిన విలువను దాచే డబ్బా పేరు వేరియబుల్.

సూరత్ పటాన్నే మ్యాపుగా గీశామనుకుందాం. తెలుగు నేత కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్, ఉధ్నాతో పాటు వరాఛా, కతార్‌గామ్, అడాజణ్, రాందేర్. మొత్తం ఆరు చోట్లు, ఆరుగురు ఆటగాళ్లు. ఆట మొదలవగానే ఎవరు ఎక్కడ ఉండాలో ట్రిగ్గర్ తేల్చాలి.

మొదటి చిక్కు: ఒకే చోటికి ఇద్దరు

ఒక్కో ఆటగాడికి 1 నుంచి 6 లోపు ఒక అంకె తీయమంటే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అలా తీస్తే ఆరుగురికీ వేర్వేరు చోట్లు దక్కే అవకాశం 46,656లో 720, అంటే ఒకటిన్నర శాతమే. మిగతా అన్నిసార్లూ కనీసం ఇద్దరు ఒకే పేటలో దిగుతారు.

మందు సులువే. ఆరు చోట్లనూ వరుస సంఖ్యలతో ఒక జాబితా వేరియబుల్‌లో పెట్టాలి. 'మిగిలినవి' అనే మరో వేరియబుల్‌లో 6 అని రాయాలి. 1 నుంచి 'మిగిలినవి' దాకా ఒక అంకె తీసి, ఆ చోటును ఆటగాడికి ఇవ్వాలి. ఖాళీ అయిన గడిలోకి జాబితా చివరి పేరును తెచ్చి, 'మిగిలినవి' నుంచి ఒకటి తగ్గించాలి. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయకపోవడమే ఇది. గణాంక శాస్త్రజ్ఞులు రోనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ 1938లో కాగితం మీద చేసుకునేలా ప్రచురించిన పద్ధతికి ఇది కంప్యూటర్ రూపం.

రెండో చిక్కు: కనపడని మొగ్గు

1998 నాటి స్టార్‌క్రాఫ్ట్ ఎడిటర్‌లో ర్యాండమ్ అంకె తీసే వీలే లేదు. ఉన్నవి స్విచ్‌లు, వాటిని బొమ్మ–బొరుసులా ఆన్‌లోనో ఆఫ్‌లోనో పడేలా చేయొచ్చు. మూడు స్విచ్‌లు ఎగరేస్తే 8 రకాల ఫలితాలు. మన చోట్లు ఆరే. మిగిలిన రెండు ఫలితాలను లింబాయత్‌కు ఒకటి, ఉధ్నాకు ఒకటి అంటగడితే మొదటి చీటీలో ఆ రెండింటికీ 25 శాతం చొప్పున, మిగతా నాలుగింటికీ పన్నెండున్నర శాతం చొప్పున అవకాశం వస్తుంది. ఆట చక్కగానే నడుస్తుంది. తప్పున్నట్టు ఏ ఒక్క ఆటలోనూ తెలియదు. వందల ఆటల ఫలితాలు లెక్కేస్తేనే బయటపడుతుంది. ఆ రెండు ఫలితాలు పడ్డప్పుడు స్విచ్‌లను మళ్లీ ఎగరేయడమే సరైన పని.

పేటల పేర్లు కాకుండా పటం మీద ఎక్కడైనా ఒక బిందువు తీసినా ఇదే సూత్రం. అది తాపీ నదిలో పడితే దగ్గరి ఒడ్డుకు జరపకూడదు. జరిపితే నది ఒడ్డు చోట్లకు ఎక్కువ వాటా పోతుంది. మళ్లీ తీయాలి.

డ్రాను ఏమని అడగాలి?

కంప్యూటర్ ర్యాండమ్ అంకెలు సాధారణంగా 'సీడ్' అనే ఒక మొదటి సంఖ్య నుంచి లెక్కకట్టి వస్తాయి. ఒకే ప్రోగ్రామ్‌కు ఒకే సీడ్ ఇస్తే ఫలితాలు అదే వరుసలో వస్తాయి. అందుకే మ్యాప్ చేసేవాళ్లు సీడ్‌ను స్థిరంగా ఉంచి ట్రిగ్గర్లను పరీక్షించుకుంటారు.

ప్రజల డ్రాలకూ ఈ గుణం పనికొస్తుంది. దరఖాస్తుల జాబితా ఖరారయ్యాక, అందరి ముందూ సీడ్ నిర్ణయించి, ప్రోగ్రామ్‌తో పాటు దాన్నీ బయటపెడితే, ఓడిన దరఖాస్తుదారు ఎవరైనా డ్రాను మళ్లీ నడిపి సరిచూసుకోవచ్చు. సీడ్ ముందే ఎవరికైనా తెలిస్తే మాత్రం ఫలితమూ ముందే తెలిసిపోతుంది. కాబట్టి డ్రా కంప్యూటర్‌లో తీశారా అన్న ఒక్క ప్రశ్న చాలదు. సీడ్ ఎవరు, ఎప్పుడు ఎంచారు? తీసిన చీటీ పక్కకు పోయిందా? మిగులు ఫలితాలను ఏం చేశారు? అడగాల్సినవి ఇవి.