శరీరమే వేషమైతే: ‘నాని’ చిత్రంలో హాస్యం

భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యరసానికి కారణాలు చెబుతూ వికృతమైన వేషాన్ని, అలంకారాన్ని పేర్కొన్నాడు. మనిషికి కుదరని వేషం చూస్తే నవ్వు వస్తుంది. మరి శరీరమే కుదరని వేషమైతే?

2004లో ఎస్.జె. సూర్య దర్శకత్వంలో వచ్చిన ‘నాని’ ఈ ఊహతోనే నడుస్తుంది. 8 ఏళ్ల పిల్లవాడు ఒక శాస్త్రవేత్త (రఘువరన్) ప్రయోగంతో 28 ఏళ్ల యువకుడు (మహేశ్ బాబు) అవుతాడు. ఇదే కథను అదే ఏడాది తమిళంలో ‘న్యూ’గా తీసి, సూర్యే కథానాయకుడిగా నటించాడు.

ఇలాంటి పిల్లవాడు హసన్‌పర్తిలో ఉన్నాడనుకోండి. బడికి పోతే గేటు దగ్గరే ఆపుతారు. హనుమకొండ బస్సెక్కితే కండక్టర్ ఫుల్ టికెట్ కొడతాడు. వాడి జేబులో హాఫ్ టికెట్ డబ్బులే ఉంటాయి. వాడి మనసు మారలేదు, లోకం వాడిని చూసే చూపు మారింది. నవ్వు పుట్టేది ఈ తేడాలోనే.

పెన్నీ మార్షల్ తీసిన ‘బిగ్’ (1988)లో ఈ తేడాయే అర్హత అవుతుంది: పెద్దవాడైన బాలుడికి (టామ్ హాంక్స్) బొమ్మల కంపెనీలో ఉద్యోగం దొరుకుతుంది. ‘నాని’ తల్లీకొడుకుల అనుబంధం వైపు మళ్లుతుంది. ఆ చిత్రానికి బలం అక్కడే ఉంది. తల్లిగా దేవయాని నటించింది.

చిక్కు ప్రేమ, పెళ్లి దగ్గర వస్తుంది. ‘బిగ్’ కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. పిల్లవాడి అమాయకత్వానికి నవ్వడం వేరు, దాన్ని పడకగది పరిహాసానికి వాడుకోవడం వేరు. రెండోదాన్ని హాస్యమని సమర్థించడం కష్టం.

మీరు ఈ చిత్రాలు చూసేటప్పుడు నవ్వు వచ్చిన ప్రతి చోటా ఆగి, అక్కడ నిజం తెలియనిది ఎవరికో నోటుబుక్కులో రాసుకోండి.