మీకు తెలుసా? మీరు పస్తున్న సంగతి మాత్రకు తెలియదు

కార్తీక సోమవారం. ఢిల్లీ ఆర్.కె. పురంలో గుట్ట మీది మలై మందిర్‌లో సుందరేశ్వరుడి దర్శనం చేసుకుని దిగుతున్నాం. మెట్ల మీద ఒక పెద్దాయన చతికిలబడిపోయారు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. ఉపవాసమని పొద్దున్నుంచి ఏమీ తినలేదట. షుగర్ మాత్ర మాత్రం మానలేదు. ఎవరో గబగబా ఆయన నోట్లో లడ్డూ పెట్టారు. ఎంతసేపటికీ వణుకు తగ్గదే!

ఆయన జేబులోని మాత్రల అట్ట తీసి చూస్తే మూడు పేర్లున్నాయి: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్. ఒకే మాత్ర, మూడు పనులు.

మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం మీద పనిచేస్తుంది. మనం తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది, ఆ జోరును ఇది తగ్గిస్తుంది. ఇదొక్కటే వాడేవారికి షుగర్ మరీ పడిపోవడం అరుదు.

గ్లిమెపిరైడ్ అలా కాదు. క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వదిలిస్తుంది, మనం తిన్నామో లేదో చూడదు. అసలీ కోవ మందుల గుణం బయటపడిందే షుగర్ పడిపోవడం వల్ల. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో మార్సెల్ జాన్బోన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇచ్చి చూస్తే, కొందరికి రక్తంలో షుగర్ ప్రమాదకరంగా దిగిపోయింది.

ఇక వోగ్లిబోస్ పేగుల్లో ఉంటుంది. పిండిపదార్థాలను, పంచదారను విడగొట్టే ఎంజైములకు అడ్డుపడుతుంది. లడ్డూ పని చేయనిది ఇందుకే. అందులోని పంచదార విడిపోతే గానీ గ్లూకోజ్ రాదు, ఆ విడిపోవడాన్నే మందు ఆలస్యం చేస్తోంది. గ్లూకోజ్ పొడికి ఆ ఇబ్బంది లేదు. విడగొట్టాల్సిన పనే లేకుండా రక్తంలో కలుస్తుంది.

ఉపవాసం ఉండాలనుకునేవారు ముందే డాక్టరును కలిసి, అట్ట చూపించి, ఆ రోజు ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో అడిగి తెలుసుకోండి. మీ అంతట మీరు ఆపకండి. దయచేసి చిన్న గ్లూకోజ్ పొట్లం సంచిలో ఉంచుకోండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అదృష్టవశాత్తు పెద్దాయన స్పృహలోనే ఉన్నారు. ఒకావిడ సంచిలో గ్లూకోజ్ దొరికింది. నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకు వణుకు తగ్గింది. కండువాతో మొహం తుడుచుకుని, ఆ అట్టను వెనక్కి తిప్పి, మూడు పేర్లనూ మొదటిసారిగా కూడబలుక్కుని చదువుకున్నారు.