కంప్యూటరు ఏల మందగించును?

నంద్యాల నుండి కడపకు పోవు దారిలో సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డ కలదు. ఈ ఊరు రాతి శిల్పములకు పేరొందినది. ఆ చుట్టుప్రక్కల నొక చిన్న ప్రభుత్వ పాఠశాలను ఊహింతము. ఎనిమిదవ తరగతి విద్యార్థులకై కేంద్రప్రభుత్వము 2008లో ప్రారంభించిన ఉపకార వేతన పరీక్షకు దరఖాస్తులు పంపుటకు అది కడపటి దినము. ఆ పరీక్షలో ఎంపికైన పేద విద్యార్థికి తొమ్మిదవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు లభించును. దరఖాస్తులను పాఠశాల కంప్యూటరు నుండి పంపవలెను. మీట నొక్కగానే తెర వెలిగినది. కాని దానిపై గుండ్రని గుర్తు తిరుగుచునే యున్నది. పావుగంట గడచినను కావలసిన పుట తెరచుకొనలేదు.

“దీనికి కాలము చెల్లినది, క్రొత్తది కొనవలెను” అని యొకరనిరి. “వైరస్ పట్టినది” అని వేరొకరనిరి. మరియొకరు ఓపిక నశించి ఒకే గుర్తును పదిసార్లు నొక్కిరి. నొక్కిన ప్రతిసారియు యంత్రమునకు పని పెరిగినదే కాని తగ్గలేదు. వీరిలో ఎవ్వరును కారణమును వెదకలేదు. నాడి చూడక మందిచ్చు వైద్యుడు రోగికెట్టి మేలు చేయగలడు?

కంప్యూటరులో ముఖ్యమైన భాగములు మూడు. లెక్కలు చేయునది ప్రాసెసరు. పని జరుగుచున్నంతసేపు కావలసిన విషయములను చేరువలో నుంచునది ర్యామ్. సమస్తమును శాశ్వతముగా దాచునది డిస్కు. శిల్పశాలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ప్రాసెసరు శిల్పి వంటిది. ర్యామ్ అతని ముందున్న అరుగు వంటిది. డిస్కు పెరటిలో రాళ్లును పనిముట్లును దాచిన కొట్టు వంటిది. అరుగు మీది ఉలి వెంటనే చేతికందును. కొట్టులోని ఉలికై లేచి పోవలెను. శిల్పి యెంత నేర్పరియైనను, మాటిమాటికి కొట్టునకు తిరుగవలసి వచ్చినచో విగ్రహము ముందునకు సాగదు.

విద్యుత్తు ఆగగానే ర్యామ్ లోని విషయము చెరిగిపోవును. అందుచే మీట నొక్కిన ప్రతిసారియు డిస్కు నుండి ఎన్నియో ఫైళ్లను మరల ర్యామ్ లోనికి తెచ్చుకొనవలెను. ఇంతలో మనము పిలువకయే మరికొన్ని ప్రోగ్రాములు మేల్కొనును. ఒకటి క్రొత్త మార్పులను దింపుకొనును. ఒకటి వైరస్ కొరకు ఫైళ్లను సోదించును. ఒకటి ముద్రణ యంత్రమును పలుకరించును. తెల్లవారగానే పనివారందరును ఒక్కమారుగా కొట్టు వాకిట గుమిగూడినట్లుండును. కావున మొదటి రెండు మూడు నిమిషములు యంత్రము నెమ్మదిగా నుండుట సహజము. ఆ పిదప కూడ తేరుకొననిచో పరీక్షింపవలెను.

డిస్కు ఎట్టిదో తెలియుట ముఖ్యము. పాత పద్ధతి హార్డ్ డిస్కులో పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగుచుండును. చదువు భాగము పళ్లెముపై కావలసిన చోటికి చేరుటకు సుమారు సెకనులో నూరవ వంతు పట్టును. ఇది మనకు అత్యల్ప కాలము. కాని వేర్వేరు చోట్లనున్న 10,000 ముక్కలను వెదకవలసి వచ్చినచో 100 సెకనులగును. ఇట్టి డిస్కుతో పనిచేయు మొదటి కంప్యూటరును అమెరికాలోని ఐ.బి.ఎమ్. సంస్థ 1956లో వెలువరించినది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరమును అదియే. ఆనాటి డిస్కులో 50 పళ్లెములుండినను అందు పట్టినవి 50 లక్షల అక్షరములే. నేటి ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగమే లేదు. అందుచే అది అనేక రెట్లు వేగముగా అందించును.

ఇక పరీక్షించు విధము. విండోస్ గల కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎంతెంత శ్రమపడుచున్నవో అందు నూటికింత యని కనబడును. ప్రాసెసరు తీరికగా నుండి డిస్కు మాత్రము నూటికి నూరు వంతుల పనిలో నున్నచో, శిల్పి ఉలికై కాచుకొని యున్నాడని గ్రహింపవలెను. మెమరీ నిండినచో అరుగు చాలలేదని యర్థము. అపుడు యంత్రము డిస్కులో కొంత భాగమును అరుగుగా వాడుకొని మరింత మందగించును. తెరచిన ప్రోగ్రాములను తగ్గించుటయో, ర్యామ్ పెంచుటయో దానికి మందు. ప్రాసెసరే నిండియున్నచో, దానిని పట్టి యుంచిన ప్రోగ్రాము పేరు ఆ పట్టికలోనే కానవచ్చును.

అచ్చటనే స్టార్టప్ అను మరియొక పట్టిక కలదు. తమంత తాము మేల్కొను ప్రోగ్రాములన్నియు అందుండును. అనవసరమైన దానిని ‘డిసేబుల్’ చేసినచో అది తొలగిపోదు, పిలిచిననే వచ్చును. వైరస్ నుండి కాపాడు ప్రోగ్రామును మాత్రము ఆపరాదు. అట్టివి రెండున్నచో ఒకదానినొకటి అడ్డగించును గనుక ఒకటి చాలును.

పెక్కురెరుగని విషయమొకటి కలదు. 2012లో విండోస్ 8 వచ్చినది మొదలు అనేక కంప్యూటరులలో ‘షట్ డౌన్’ చేసినను వ్యవస్థ స్థితి కొంత డిస్కులో దాగి, మరునాడు అట్లే తిరిగి వచ్చును. ‘రీస్టార్ట్’ చేసినపుడే అది మొదటి నుండి క్రొత్తగా ఆరంభమగును. కావున మొదట ఒకసారి రీస్టార్ట్ చేసి చూచుట మేలు.

మరియొక గుర్తును కలదు. మొదట మందముగా నుండి పిదప తేరుకొనునది ప్రోగ్రాముల గుంపు వలన కలిగిన జాప్యము. మొదట చురుకుగా నుండి పిదప మందగించునది తరచుగా వేడి వలన కలిగిన జాప్యము. నంద్యాల ప్రాంతపు ఎండలు ఎరుగని వారెవరు? రాళ్లు చెక్కు చోట ధూళియు మెండు. ధూళి పేరుకొని గాలి మార్గము మూసికొనినచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అట్టియెడ విద్యుత్తు తీసివేసి, తెలిసినవారిచే ధూళి తొలగింపవలెను. హార్డ్ డిస్కు టకటక మని శబ్దము చేయుచున్నచో మరమ్మతు తలపెట్టక మునుపే ముఖ్యమైన ఫైళ్లను వేరొక చోట నకలు చేసికొనవలెను. పోయిన కాగితమును మరల వ్రాయవచ్చును గాని, పోయిన ఫైలు తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు.

ఏ మార్పు చేసినను ఒకసారి ఒకటియే చేయవలెను. చేసిన పిదప రీస్టార్ట్ చేసి, గడియారము చూచి, పట్టిన కాలమును వ్రాసికొనవలెను. నాలుగు మార్పులు ఒక్కమారే చేసినచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

మన పాఠశాలలో ఒక ఉపాధ్యాయిని ముందుగా టాస్క్ మేనేజర్ తెరచినదనుకొందము. డిస్కు నూటికి నూరు. క్రొత్త మార్పులు దిగుచున్నవి. ఆమె ఆ పని ముగియువరకు ఏ మీటయు నొక్కక ఆగినది. పిదప రీస్టార్ట్ చేసినది. పుట తెరచుకొన్నది. సాయంకాలము లోపల దరఖాస్తులన్నియు చేరినవి. మరునాడు తీరికగా స్టార్టప్ పట్టికను సవరించినది. పదుల వేల రూపాయలతో క్రొత్త యంత్రము కొనవలసిన పని లేకపోయినది. తొందరపడక, కారణమును వెదకిన ఆ కొద్ది నిమిషములే పిల్లల నాలుగేండ్ల ఉపకార వేతనమునకు దారి మూసికొనకుండ కాపాడినవి.