గాలివాన కబురు

ఒక కార్తికమాసపు సాయంకాలమున మా వీథి స్త్రీలము పదిమందిమి మా వసారాలో టెలివిజను ముందు చేరి తుపాను వార్తలు వినుచుంటిమి. మచిలీపట్టణపు రేవున మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరనియు, తుపాను తీరమునకు ఇన్ని వందల కిలోమీటర్ల ఆగ్నేయమున నున్నదనియు, సముద్రము ఖగోళ సంబంధమైన పోటుకంటె ఒక మీటరు ఎత్తున పొంగి పల్లపు నేలలను ముంచవచ్చుననియు చెప్పిరి. పిదప తెరమీద నొక యువకుడు గాలికి ఊగుచు, తడిసి ముద్దయై, గాలి మిక్కిలిగా నున్నదని చెప్పెను. మా పొరుగింటి పిన్నిగారు అంతయు ఓపికతో విని నావైపు తిరిగి, "ఇంతకూ నీళ్లు మన అరుగు ఎక్కుతాయా, ఎక్కవా అమ్మాయీ?" అని యడిగిరి. ప్రబంధములకు టీకలు చెప్పగల నేను ఆ ప్రశ్నకు బదులు చెప్పజాలనైతిని.

పిన్నిగారు 1977లో దివిసీమకు క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు. ఆ యేట నవంబరు 19వ తేదీన సముద్రము దాదాపు 5 మీటర్ల యెత్తున లేచి అక్కడి గ్రామములమీద పడెను. మృతులు 10,000 మందియని లెక్క వ్రాసిరి. అంతకు మించిరని యెఱిగినవారు చెప్పుదురు. ఆనాడును హెచ్చరిక లేకపోలేదు. రేడియోలో చెప్పిరి. అది గాలినిగూర్చిన మాటయని తలంచి పిన్నిగారి యింటివారు తలుపులకు అడ్డకఱ్ఱలు బిగించి, చూరుకు త్రాళ్లు కట్టి, లోపల కూర్చుండిరి. వచ్చినది నీరు. ఆమె తాటిచెట్టు పట్టుకొని బ్రదికెను. తక్కిన కథ ఆమె చెప్పదు, మేమును అడుగము.

రేవునందలి నంబరు సూచికలు నిజమునకు గృహస్థులకొఱకు పుట్టినవి కావు. అవి ఓడలవారికి చూపు గుఱుతులు. 1 మొదలు 11 వఱకు గలవు. 10 మహాప్రమాదము. 11 అంతకంటె పెద్ద తుపానని పలువురు తలంతురు గాని, హెచ్చరికలు పంపు కేంద్రముతో సంబంధము తెగిపోయినదని మాత్రమే దాని యర్థము. ఓడ నడుపు సరంగునకు ఉపయోగించు సంకేతమును వంటయింటిలోని స్త్రీకి చదివి వినిపించి, హెచ్చరించితిమని తృప్తిపడుట మన యొక్క దేశపు వాడుకయే కాదు.

అట్లాంటిక్ సముద్రతీరవాసులు హరికేనని పిలుచు గాలివానయు, మన తుపానును ఒక్క జాతివే. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున గాల్వెస్టను అను ద్వీపపట్టణము కలదు. దానికి చేరువనున్న హ్యూస్టను నగరమున నేడు తెలుగు కుటుంబము లనేకము కాపురములు చేయుచున్నవి గనుక ఆ పేరు మన యిండ్లలో కొందఱికి క్రొత్త కాదు. తుపాను కబురు చెప్పుటలో మనుష్యులు చేయదగిన తప్పులన్నియు, కొన్ని యొప్పులును, ఆ యొక్క యూరి చరిత్రలోనే కానవచ్చును.

1900 నాటికి గాల్వెస్టను ప్రత్తి యెగుమతిచే ధనవంతమైన రేవు; జనసంఖ్య దాదాపు 38,000. అయినను ఊరిలో నెల్ల మెఱకయైన చోటు సముద్రమట్టమునకు 9 అడుగుల యెత్తైనను లేదు. అదే తీరమున ఇండియనోలా అను రేవు 1875లోను 1886లోను హరికేనుల వాతబడి రూపుమాసెను. అది చూచి గాల్వెస్టనువారు సముద్రమున కడ్డముగా గోడ కట్టుకొనవలెనని కొంతకాలము తలంచి మానిరి. అక్కడి ప్రభుత్వ వాతావరణ కార్యాలయాధిపతి ఐజక్ క్లైను 1891లో పత్రికకు వ్యాసము వ్రాసి, ఆ పట్టణమునకు గాలివానవలన పెనుహాని కలుగునను భయము వట్టి భ్రమయని తేల్చెను. చదువుకొన్నవాని మాట గదా, అందఱును నిశ్చింతగా నుండిరి.

హరికేనుల రాకను ముందుగా కనిపెట్టి పత్రికలలో ప్రకటించు విద్యలో అప్పటికి ఆరితేఱినవారు క్యూబాదేశమున, హవానా నగరపు బెలెన్ కళాశాలలోని జెసూటు ఫాదరీలు. ఫాదరు బెనీటో వీన్యెస్ 1875లోనే అట్టి హెచ్చరికను ప్రకటించి కీర్తి గాంచెను. 1900లో క్యూబా అమెరికా సైన్యపు పాలనలో నుండెను. క్యూబావారి హెచ్చరికలు జనులను ఊరక భయపెట్టుచున్నవని తలంచి, వాషింగ్టను అధికారులు ఆ యాగస్టు చివర అక్కడి వాతావరణ వార్తలు ప్రభుత్వపు తంతిమీద పోకుండ నిషేధించిరి. కొలది దినములకే తుపాను క్యూబాను దాటెను. ఫాదరు గాంగోయిటే అది టెక్సాసువైపు పోవుచున్నదని గ్రహించెను. వాషింగ్టనువారు మాత్రము అది ఫ్లోరిడామీదికి తిరిగిపోవునని లెక్కవేసిరి. తెలిసినవాని నోరు మూసి, తెలియనివాడు చెప్పిన మాటను ఊరూర పంపిరి.

సెప్టెంబరు 7వ తేదీన గాల్వెస్టనులో తుపాను జెండా నెత్తిరి. ఆ జెండాకు సాధారణముగా కొంత గాలి, కొంత వాన అని జనులకు వాడుక. 8వ తేదీ ఉదయమున వీథులలోనికి నీరు రాగా పిల్లలు అందాడుకొనిరి. పెద్దలు అలల సొంపు చూచుటకు తీరమునకు పోయిరి. తాను గుఱ్ఱపుబండిమీద తీరమంతయు తిరిగి జనులను హెచ్చరించితినని క్లైను తరువాత వ్రాసికొనెను. చరిత్రకారులు కొందఱు దానిని నమ్మలేదు. రాత్రి యగునప్పటికి నీరు 15 అడుగులకు మించి లేచెను. మృతులు 6,000కు తక్కువ లేరు. 8,000 అని సాధారణముగా చెప్పుదురు. గర్భవతియైన క్లైను భార్యయు ఆ నీటనే పోయెను.

తీరమునందలి యొక అనాథశరణాలయమున పదిమంది సన్న్యాసినులు 90 మందికి పైబడిన బిడ్డలను కాపాడుచుండిరి. నీరు పై యంతస్తునకు ఎక్కుచుండగా ఆ తల్లులు దండెపు త్రాడు తెచ్చి ముక్కలుగా కోసి, బిడ్డలను తమ నడుములకు కట్టుకొనిరి. తరువాత శవములు ఆ త్రాళ్లతోనే దొరకెను. ముగ్గురు పెద్ద బాలురు మాత్రము చెట్టు పట్టుకొని బ్రదికిరి. ఉదయమున నొక్క నమ్మదగిన మాట వచ్చియుండినచో ఆ బిడ్డలను ఊరి నడిమికి నడిపింపవచ్చును. త్రాడు వెదకునంత బుద్ధిస్థైర్యము గలవారికి నడిపించుట కష్టమా?

ఆ పిమ్మట 1902లో గోడ మొదలుపెట్టి 1904కు తొలిభాగము ముగించిరి. ఎత్తు 17 అడుగులు. రెండువేలకు పైబడిన కట్టడములను క్రిందనుండి లేవనెత్తి ఇసుకపోసి ఊరినే మెఱక చేసిరి. అది వేఱొక పెద్ద కథ.

1961 సెప్టెంబరులో కార్లా అను హరికేను వచ్చినపుడు డాన్ రాదర్ అను యువ విలేఖరి హ్యూస్టను టెలివిజనువారి పక్షమున గాల్వెస్టను వాతావరణ కార్యాలయమునకు పోయి కూర్చుండెను. అక్కడి రాడారు తెరమీద తుపాను చుట్ట తిరుగుచు కనబడుచుండెను. ఆ గీతలు శాస్త్రజ్ఞులకే గాని జనులకు బోధపడవు. పారదర్శకమైన పలకమీద తీరపు రేఖను గీయించి, దానిని రాడారు తెరపై నుంచి టెలివిజనులో చూపించిరి. మన యూరెక్కడ, తుపానెక్కడ, దాని మేర యెంత అనునది చదువురానివారికిని ఒక్క చూపున తెలిసెను. మూడు లక్షలకు మించినవారు తీరము విడిచిపోయిరి. కార్లా బలమైన తుపానే యైనను మృతులు 50 మందికి లోపు. నా యభిప్రాయమున తుపానులనుగూర్చి పత్రికలవారును టెలివిజనువారును చేసిన పనులలో దీనికి సాటియైనది లేదు. విచార మేమనగా, ఆ పలకమీది రేఖను మఱచి, విలేఖరి వానలో నిలుచుటను మాత్రమే తరువాతివారు పెక్కుమంది యనుకరించిరి.

కార్లా యని స్త్రీ పేరేల యని సోదరీమణులు అడుగవచ్చును. 1953 నుండి అమెరికావారు హరికేనులన్నిటికిని స్త్రీల పేర్లే పెట్టిరి. చంచల, కోపిష్ఠి, ఎప్పుడేమి చేయునో తెలియదు అని విలేఖరులు చమత్కారములు వ్రాసికొనిరి. రాక్సీ బోల్టన్ అను స్త్రీ మొదలగువారు పట్టుపట్టి వాదించిన మీదట 1979 నుండి అట్లాంటిక్ తుపానులకు పురుషుల పేర్లు కూడ వంతులవారీగా పెట్టుచున్నారు. ధ్వంసము తగ్గలేదు గాని నింద సమముగా పంచబడినది.

హెచ్చరిక చాలకపోవుట యొక కీడు. భయము మితిమీఱుట మఱియొకటి. 2005 ఆగస్టు 29న కత్రీనా న్యూ ఆర్లియన్సు నగరమును ముంచెను. ఆ శవముల బొమ్మలు కన్నులలో నుండగానే, నెల తిరుగకముందు, రీటా అను హరికేను గాల్వెస్టను దిక్కునకు వచ్చుచున్నదని వార్త పుట్టెను. పోవలసినవారు, పోనక్కఱలేనివారు కలసి 25 లక్షలకు మించిన జనము బండ్లెక్కిరి. తీవ్రమైన యెండ, పెట్రోలు అయిపోయెను, కొన్ని క్రోసుల దూరమునకు దినమంతయు పట్టెను. వృద్ధాశ్రమమునుండి ముసలివారిని తరలించు బస్సొకటి డల్లాసు చెంత అంటుకొని 23 మంది కాలిపోయిరి. ఆ పలాయనములో నూఱుమందికి పైగా చనిపోయిరి. రీటా తూర్పునకు తొలగి లూసియానా యెల్లలవద్ద తీరము దాటెను. తుపాను చంపినవారికంటె దారి చంపినవారే అధికము.

ఆ బాధ అనుభవించినవారికి మూడేండ్లకే 2008లో ఐక్ అను హరికేను వచ్చెను. దానికి గాలి వేగమునుబట్టి వేసిన తరగతి 2, తరగతులు 5. రెండవ తరగతియేగదా యని పలువురు తేలికగా తీసికొనిరి. నిజమునకు ఐక్ మిక్కిలి విశాలమైనది. దాని గాలికంటె అది త్రోసికొనివచ్చు నీరే భయంకరము. వాతావరణశాఖవారు సెప్టెంబరు 11న, తీరపు లోతట్టున ఒకటి రెండంతస్తుల యిండ్లలో నిలిచినవారికి చావు తప్పదని అచ్చముగా ప్రకటించిరి. అంతకంటె కఠినమైన మాట యేమి గలదు? అయినను గాల్వెస్టనులో వేలకొలది జనులు కదలలేదు. వారు మూర్ఖులని నేననను. రీటానాడు దారిలో పసిబిడ్డతో ఇరువది గంటలు మాడిన తల్లికి ఇల్లే క్షేమమని తోచుట వింత కాదు. 13వ తేదీ తెల్లవాఱకముందే తుపాను తీరము దాటెను. చేరువనున్న బొలివర్ ద్వీపకల్పమున నీరు 15 మొదలు 20 అడుగులు లేచి, గిల్‌క్రిస్టు అను గ్రామమున ఎత్తైన స్తంభములపై కట్టిన యిల్లొక్కటి దక్క దాదాపు అన్నిటిని తుడిచిపెట్టెను.

1963 నుండి 2012 వఱకు అమెరికాలో తుపానులు స్వయముగా చంపినవారిలో దాదాపు సగముమంది ఉప్పెనకే బలియైరి. అందుచే అక్కడివారు గాలి తరగతినుండి ఉప్పెన లెక్కను వేఱుచేసి, 2017 నుండి ఉప్పెనకు ప్రత్యేకముగా హెచ్చరిక నిచ్చుచున్నారు. వారి పటములలో సముద్రమట్టముపై ఎంతయను మాట లేదు; మీ నేలమీద ఎన్ని యడుగుల నీరు నిలువగలదో రంగులతో చూపుదురు. మన హైదరాబాదునందును సముద్ర సమాచార సేవలకై జాతీయ సంస్థ గలదు; ఉప్పెన ఎత్తును లెక్కించు పని వాతావరణశాఖతో కలసి వారు చేయుదురు. లెక్క యున్నది. అది ఇంటి భాషలోనికి దిగవలెను.

నాటి రాత్రి మా యింటిలో మేమే దానిని దింపుకొంటిమి. ఖగోళ సంబంధమైన పోటనగా చంద్రసూర్యుల యాకర్షణచే దినదినము వచ్చు పోటేయని మావారు చెప్పిరి. ఆ దినములలో పోటు కాలువ రేవులో ఎంతవఱకు వచ్చునని వలలవారి చిన్నదానిని పిలిచి అడిగితిని. "నాలుగో మెట్టు తడుస్తుందండీ" అనెను. మెట్లు ఎనిమిది, మెట్టు జానెడు. మీటరనగా ఐదు మెట్లు. నాలుగును ఐదును తొమ్మిది, నీరు గట్టు దాటి వీథిలో జానెడు నిలుచును, అలలు దానిపైన. అరుగెక్కదు గాని, పల్లమున నున్న పశువుల కొట్టములు మునుగును.

ఇది విన్నంతనే పిన్నిగారు లేచి, "అయితే ముందు గేదెను తోలించండి. తర్వాత మనం బడికి పోదాం" అనిరి. టెలివిజను ఆఱు గంటలనుండి చెప్పుచున్నను కదలని మా వీథి యొక్క గడియలో కదలెను. తొమ్మిది కాకముందే ఆమె బడి వరండాలో తమలపాకుల పెట్టె ముందుంచుకొని, వచ్చినవారిని లెక్కించుచు కూర్చుండిరి.

తుపాను మాకు ఉత్తరముగా తీరము దాటెను. మఱునాడు చూడగా రేవులో ఆఱవ మెట్టు వఱకే తడి యుండెను. గేదె మాత్రము అలిగి రెండు దినములు పాలియ్యలేదు.